గుమ్మడి టేకు ఆకుల్ని జల్లెడ చేసే నీలి పెంకు పురుగు

విశాఖలో ఆకు రాలే కాలం అంటూ ఒకటుందని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇక్కడ చలి అంతంతమాత్రం, ఊరంతా ఒకేసారి మోడుబారిపోవడం ఉండదు, ఒక చెట్టు ఆకు రాలుస్తుంటే పక్క చెట్టు చిగురేస్తుంటుంది. బాదం ఆకులు ఎర్రబడి రాలడం, మార్చిలో కొండల మీద పచ్చదనం మధ్యలో బూడిద రంగు అతుకులు పడటం, ఎండ ముదిరాక రేల చెట్టు ఆకంతా వదిలేసి పసుపు పూలతో నిలబడటం, కనపడేది ఇంతే. మనకి ఇది ఊడ్చుకునే పని, ఆకు మీదే బతికే పురుగుకి మాత్రం ఇది కరువు. ప్రతి ఏడూ కొన్ని వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు, తిండి అన్నదే లేకుండా పోతుంది. ఆ కరువుని దాటడానికి కట్టుకున్న బతుకు ఎలా ఉంటుందో చూడాలంటే గుమ్మడి టేకు మీద బతికే ఒక పెంకు పురుగుని మించిన ఉదాహరణ మన దేశంలో దొరకడం కష్టం.

ముందు చెట్టు సంగతి. గుమ్మడి టేకుకీ కూరలోకి వండుకునే గుమ్మడికాయకీ పేరులో పోలిక తప్ప ఏ చుట్టరికమూ లేదు. టేకుతో మాత్రం ఉంది, రెండూ ఇప్పుడు తులసి కుటుంబంలోకే వస్తాయి, తులసి కోటలో మొక్కకీ టేకు దుంగకీ బంధుత్వం ఏంటని నవ్వొస్తుంది గానీ వృక్షశాస్త్రం లెక్క అదే. ఆయుర్వేదంలో దశమూలాలు అంటారు కదా, అందులో గంభారి అనేది ఈ చెట్టే. శాస్త్రీయంగా మెలైనా ఆర్బోరియా. దీనికి ఆ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లకముందు, 1781 నుంచి 1793 దాకా, మన సామర్లకోటలోనే పనిచేశాడు, కోరమాండల్ తీరం మొక్కల గురించి ప్రపంచానికి తెలిసిన దాంట్లో పెద్ద వాటా ఆయన అక్కడ కూర్చుని చేసిన పనే. తూర్పు కనుమల ఆకురాల్చే అడవుల్లో ఇది సహజంగా పెరిగే చెట్టు. గుండె ఆకారంలో వెడల్పాటి మెత్తటి ఆకు, జనవరి ఫిబ్రవరిలో రాలిపోతుంది, ఆకులేని కొమ్మల మీద గోధుమ పసుపు కలిసిన పూలు వస్తాయి, ఆ తర్వాత కొత్త ఆకు, తర్వాత పసుపు పచ్చటి పండ్లు. కలప తేలికగా ఉంటుంది, పెద్దగా వంకర తిరగదు, అన్నిటికంటే ముఖ్యంగా చాలా త్వరగా పెరుగుతుంది. కాగితం తయారీకి వాడే పల్ప్ కోసం అయితే ఏడెనిమిదేళ్లకే కొట్టేస్తారు. ఈ త్వరగా పెరగడం అనే గుణమే దాన్ని అడవిలోంచి తోటల్లోకి తెచ్చింది, పురుగు తంటా మొదలైంది కూడా అక్కడే, ఆ సంగతి తర్వాత.

ఇంక పురుగు. పెంకు పురుగు అనగానే రకరకాలవి గుర్తొస్తాయి, కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు కూడా పెంకు పురుగే, బియ్యం డబ్బాలో ముక్కు పురుగు కూడా పెంకు పురుగే. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు వేసి పెంచిన బంగారు పురుగు కూడా ఆ జాతే గానీ వేరే కుటుంబం. ఇక్కడ మాట్లాడుకునేది ఆకు పెంకు పురుగుల కుటుంబం, శాస్త్రీయంగా క్రైసోమెలిడే, ప్రపంచం మొత్తం మీద 35 వేలకి పైగా జాతులు. వీటిలో చాలావరకు తల్లీ పిల్లా అందరూ ఆకు తినే బతుకుతాయి. ఈ కుటుంబం మన రైతులకి కొత్త కాదు, వరిలో తాటాకు తెగులు అంటారే, పేరుకి తెగులు గానీ అది చేసేది హిస్పా అనే ముళ్ల పెంకు పురుగు, ఈ కుటుంబమే. దోస, బీర, గుమ్మడి పాదుల మీద వాలే నారింజ ఎరుపు పెంకు పురుగు కూడా ఇదే కుటుంబం, దాన్ని గుమ్మడి పెంకు పురుగు అనే అంటారు. అందుకే గుమ్మడి టేకు పురుగు అని ఎవరైనా ఫోన్లో చెబితే అవతలివాళ్లు పాదు మీద పురుగు అనుకుని దానికి మందు చెప్పేసే ప్రమాదం బాగా ఉంది. అది ఎర్రది, ఇది నీలిది, అది పాదు మీద, ఇది చెట్టు మీద. ఫొటో పంపితే తేలిపోతుంది.

గుమ్మడి టేకు పురుగు పేరు క్రాస్పెడోంటా లేయానా. అటవీ శాఖ పాత పుస్తకాల్లో కాలోపెప్లా లేయానా అని ఉంటుంది, రెండూ ఒకటే, ఇంటర్నెట్లో వెతికేవాళ్లు రెండు పేర్లతోనూ వెతకాలి లేకపోతే సగం సమాచారం దొరకదు. 1807లో లాత్రేయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. తాబేలు పురుగులు అనే ఉపకుటుంబం దీనిది, అంటే వీపు పెంకు డిప్పలాగా కాళ్ల మీదకి వాలి ఉండే రకం. తూటి కాడల మీద, చిలగడదుంప తీగ మీద బంగారు రేకు అతికించినట్టు మెరిసే పురుగులు కనపడతాయి కదా, అవి దీనికి దగ్గర చుట్టాలు. కాకపోతే ఇది వాటికంటే పెద్దది, సెంటీమీటరు దాటి ఒకటిన్నర దాకా ఉంటుంది, తల, మెడ భాగం, కాళ్లు పసుపు గోధుమ రంగులో, వీపు రెక్కలు మాత్రం నీలం ఆకుపచ్చ కలిసిన లోహపు మెరుపులో. ఆ రెక్కల పైభాగం నున్నగా ఉండదు, సుత్తితో కొట్టిన ఇత్తడి చెంబులా గుంటలు గుంటలుగా, ముడతలుగా ఉంటుంది. అందంగా ఉంటుంది, నిజం చెప్పాలంటే తోట వేసినవాళ్లకి తప్ప అందరికీ నచ్చే పురుగు. మన దేశంతో పాటు బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్, దక్షిణ చైనా వైపు కూడా ఉంది, సుమారుగా గుమ్మడి టేకు సహజంగా పెరిగే మేరంతా దీని మేర కూడా.

దీని తిండి దాదాపుగా ఒకే చెట్టు. పెద్ద పురుగు ఆకుని అంచు నుంచి కొరుక్కుంటూ రాదు, ఆకు మధ్యలోనే గుండ్రటి పెద్ద పెద్ద కన్నాలు చేస్తుంది, ఒక్క ఆకు మీద పది కన్నాలు పడితే ఎండకి అడ్డం పెట్టి చూస్తే జల్లెడే. చిగుళ్లని, లేత కొమ్మల చివర్లని కూడా వదలదు. ఆకు అంచు నుంచి అర్ధచంద్రాకారంలో నీట్‌గా కోసిన ముక్కలు కనపడితే అది ఈ పురుగు పని కాదు, ఆకు కోసే తేనెటీగల పని అయ్యుండొచ్చు, అవి గూటికి పట్టుకెళ్లడానికి ఆకు కోస్తాయి గానీ తినవు. ఈ తేడా చూడకుండానే మందు కొట్టేవాళ్లు చాలామంది.

తల్లి పురుగు గుడ్లని విడివిడిగా పెట్టదు. ఆకు అడుగున గానీ లేత కాడ మీద గానీ గుంపుగా పెట్టి, పైన నురగ లాంటి పదార్థం కప్పుతుంది, అది గాలికి ఆరి గోధుమ రంగు పొట్లంలా గట్టిపడుతుంది. ఒక్కో పొట్లంలో పది నుంచి వంద దాకా గుడ్లు ఉండొచ్చు. వానలో కొట్టుకుపోకుండా, ఎండలో ఎండిపోకుండా, చీమ నోటికి ఈజీగా దొరక్కుండా ఈ ఏర్పాటు. పిల్లలు పుట్టగానే చెదిరిపోకుండా గుంపుగానే ఉండి ఆకు కింది పొరని గీక్కుని తింటాయి, ఈనెలు, పై పొర మిగిలి ఆకు వలలా కనపడుతుంది. పెద్దవుతున్న కొద్దీ విడిపోయి మొత్తం ఆకు తినేస్తాయి. ఆ తర్వాత ఆకు మీదే అతుక్కుని ప్యూపా అవుతాయి, అంటే పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే కదలని దశ, నేలలోకి దిగవు. గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేదాకా వాతావరణాన్ని బట్టి నెలకి కాస్త పైన మొదలుకుని రెండు నెలల దాకా పడుతుంది. వానాకాలం బాగా సాగితే సీజన్లో మూడు తరాలు వచ్చేస్తాయి.

ఇక్కడ కాస్త ఆగి పిల్ల పురుగు గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని మొదటిసారి చూసినవాళ్లు పురుగు అనుకోరు, ఆకు మీద ఏదో చెత్త పడింది అనుకుంటారు. ఒంటి చుట్టూ ముళ్ల లాంటి పొడుగాటి కాడలు, వెనక వైపు నుంచి నల్లటి దారాల్లాంటి పోగులు. ఆ పోగులు ఏంటంటే, దాని మలమే. తాబేలు పురుగుల పిల్లలు చాలావరకు ఇదే పని చేస్తాయి, విసర్జించినదాన్ని పారెయ్యకుండా తోక చివర పోగేసుకుని వీపు మీద గొడుగులాగా తిప్పుకుంటాయి, కొన్ని రకాలైతే విడిచిన పాత చర్మాన్ని కూడా దానికే తగిలిస్తాయి. చీమ వచ్చి ముట్టుకోబోతే ఆ గొడుగుని అటు తిప్పి అడ్డం పెడతాయి. వినడానికి అసహ్యంగా ఉన్నా ఇంత చవకైన ఆయుధం ఇంకోటి లేదు, ముడిసరుకు రోజూ ఫ్రీగా తయారవుతుంది, తిన్న ఆకులోని చేదు పదార్థాలు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి శత్రువుకి రుచి కూడా సహించదు. యూరప్‌లో పాప్లర్ చెట్ల మీద బతికే ఎర్ర పెంకు పురుగు పిల్లలు ఇంకో రూట్‌లో పోయాయి, చెట్టులో ఉన్న సాలిసిన్ అనే పదార్థాన్ని ఒంట్లోకి తీసుకుని దాన్ని ఘాటైన వాసన ఉన్న రసాయనంగా మార్చి ఎవరైనా ముట్టుకుంటే వీపు మీద చుక్కలుగా వదులుతాయి. కుటుంబం ఒకటే, సిద్ధాంతం కూడా ఒకటే, చెట్టు సరుకునే వాడుకుని కాపలా పెట్టుకోవడం.

అయినా ఇదంతా దాటుకుని వచ్చే శత్రువులు ఉన్నాయి. బియ్యపు గింజలో సగం కూడా ఉండని కందిరీగ జాతులు కొన్ని నురగ పొట్లంలోకి గుడ్లు పెట్టే సూదిని దింపి గుడ్డులోనే తమ గుడ్డు పెడతాయి, ఇంకో రకం కందిరీగలు ప్యూపాల మీద పడతాయి. గుడ్డులోంచి పురుగు పిల్ల రావాల్సిన చోట కందిరీగ బయటికొస్తుంది. అడవిలో ఈ పురుగు ఎక్కువగా ఎవరి కంటా పడకుండా ఉండటానికి వీటి పాత్ర చిన్నది కాదు.

ఇంక అసలు విషయం, క్యాలెండర్. గుమ్మడి టేకు కొత్త ఆకు తొడిగాక, వేసవి చివర జల్లులు పడ్డాక పెద్ద పురుగులు దాక్కున్న చోట్ల నుంచి బయటకి వస్తాయి. ముందు కడుపు నింపుకుంటాయి, అప్పుడే జతకట్టడం, గుడ్లు. విశాఖ చుట్టుపక్కల వానల లెక్కలో చెప్పుకోవాలంటే రోహిణి కార్తె చివర, మృగశిర మొదట్లో పడే వానల నుంచి కన్నాలు కనపడటం మొదలవ్వాలి, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పిల్ల పురుగులు, మఖ, పుబ్బ నాటికి రెండో తరం మూడో తరం కలిసి గందరగోళంగా అన్ని దశలూ ఒకే చెట్టు మీద. అక్టోబరు నవంబరు వచ్చేసరికి పెద్ద పురుగులు తినడం తగ్గించి మెల్లగా చెట్టు వదిలేస్తాయి. ఎండు బెరడు కింద, వెదురు బొంగుల్లో, ఎండు గడ్డి దుబ్బుల్లో, రాలిన ఆకుల కింద సర్దుకుని కూర్చుంటాయి. నెలల తరబడి తిండి లేదు, పిల్లలు లేవు. వంట్లో దాచుకున్న కొవ్వుతోనే గడపడం. ఇది చలికి భయపడి చేసే నిద్ర కాదు, విశాఖలో చలికి చచ్చే పురుగు ఎక్కడుంది, ఇది ఆకు లేదు కాబట్టి పడుకోవడం.

గమ్మత్తు ఏంటంటే చెట్టు మోడుబారకముందే పురుగు వెళ్లిపోతుంది. ఆకు ఇంకా కొమ్మ మీదే ఉంటుంది గానీ అప్పటికి అది ముదిరి, పసరు తగ్గి, అందులో ఉన్న మంచి సరుకంతా చెట్టు వెనక్కి లాగేసుకోవడం మొదలుపెట్టి ఉంటుంది. ఆకు రాల్చే చెట్టు ఆకుని ఊరికే పారెయ్యదు, రాల్చేముందు అందులోని నత్రజని లాంటివి చాలావరకు కొమ్మలోకి కాండంలోకి సర్దేసుకుని ఖాళీ కవర్ని కింద పడేస్తుంది. ఆ ఖాళీ కవరు తిని పిల్లల్ని పెంచడం పురుగుకి గిట్టుబాటు కాదు.

అసలు ఆకు రాల్చే చెట్ల మీదే ఇన్ని ఆకు పురుగులు ఎందుకు అంటే దానికీ ఒక లెక్క ఉంది. ఏడాది పొడుగునా ఆకు ఉంచుకునే చెట్టు ఒక్కో ఆకుని ఎక్కువ కాలం వాడుకోవాలి, అందుకని దాన్ని మందంగా, పీచుగా, మైనం పూత వేసి కడుతుంది, పనస ఆకు పొగడ ఆకు నలిపి చూస్తే తెలుస్తుంది. ఆకు రాల్చే చెట్టుకి ఆ అవసరం లేదు, ఎలాగూ ఎనిమిది తొమ్మిది నెలల్లో పారేసే ఆకు, అందుకని పల్చగా, చవగ్గా, ఎండ వెలుగుని త్వరగా పిండి పదార్థంగా మార్చే మెషిన్‌లా కడుతుంది. శాశ్వతంగా కట్టే ఇల్లు వేరు, పెళ్లి పందిరి వేరు కదా. ఆ పల్చటి మెత్తటి ఆకు పురుగు పంటికి విందు. కాబట్టి చెట్టు రాజీ పడింది, వానాకాలంలో కొంత పోతే పోనీ అని, దానికి బదులు మండే ఎండల్లో నీళ్లు ఆవిరైపోయే బెడద తప్పించుకుంటుంది, పైగా ఏడాదికోసారి కొమ్మలన్నీ ఖాళీ చేసి పురుగుల్ని పస్తు పెడుతుంది. ఆకు రాల్చడం నీళ్ల కోసమే అనుకుంటాం, అది సగమే, పురుగుల లెక్క ప్రతి ఏడూ తగ్గించే పని కూడా అదే చేస్తుంది. ఎండల్లో కూడా చెట్టుకి ఆకు ఉంటే మూడు తరాలు కాదు ఏడాది పొడవునా తరాలే.

ఈ లెక్క అర్థమైతే ఎంత నష్టం అనే ప్రశ్నకి సమాధానం కూడా మారుతుంది. బాగా ఎదిగిన చెట్టు ఒక వానాకాలంలో ఒకసారి ఆకు మొత్తం పోగొట్టుకున్నా చావదు. కాండంలో, వేరులో దాచిన పిండి పదార్థం ఉంటుంది, దాన్ని ఖర్చు చేసి మూడు నాలుగు వారాల్లో మళ్లీ చిగురేస్తుంది. అయితే ఆ ఖర్చు నిజమైన ఖర్చే, ఆ ఏడాది కాండం లావెక్కడానికి పోవాల్సిన సరుకు ఆకు తయారీకి పోయింది. చూడ్డానికి చెట్టు పచ్చగానే ఉంటుంది, టేపు పెట్టి కొలిస్తేనే తేడా తెలుస్తుంది. దీన్ని గట్టిగా కొలిచిన ఉదాహరణ గుమ్మడి టేకు మీద కాదు, అసలు టేకు మీద, అది కూడా పెంకు పురుగు కాదు, టేకు ఆకు తినే ఒక రెక్కల పురుగు గొంగళి. కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు లేత టేకు తోటలో కొన్ని చెట్లని గొంగళి నుంచి కాపాడి, కొన్నిటిని అలాగే వదిలేసి కొన్నేళ్లు పోల్చి చూస్తే, వదిలేసిన చెట్లు పెరగాల్సిన కలపలో 44 శాతం పోగొట్టుకున్నాయి. చెట్లు చావలేదు, కలప పోయింది. ఆకు పోవడం అంటే ఏంటో చెప్పడానికి ఇంతకంటే సూటి అంకె లేదు. ఆ అంకెని గుమ్మడి టేకుకి యథాతథంగా అతికించకూడదు, పురుగు వేరు, చెట్టు వేరు, కానీ ఆకులకి కన్నాలే కదా అని కొట్టిపారెయ్యడానికి లేదని మాత్రం అర్థమవుతుంది.

లేత మొక్కల పరిస్థితి వేరు. ఒకటి రెండు ఏళ్ల మొక్కకి దాచుకున్న సరుకే తక్కువ. పైగా పురుగు చిగురు కొరికితే మొవ్వు ఎండిపోతుంది, మొవ్వు పోతే పక్క కొమ్మలు రెండు మూడు పోటీపడి లేస్తాయి, నిటారుగా రావాల్సిన మాను గొడుగులా తయారవుతుంది, కలప కోసం వేసినవాడికి ఆ చెట్టు కట్టెలకే పనికొస్తుంది. వరసగా రెండు మూడు సార్లు ఆకంతా పోతే మొక్కే చచ్చిపోవచ్చు. అంటే ఒకే పురుగు, ఒకే సంఖ్యలో, పదేళ్ల చెట్టు మీద ఉంటే చూసి ఆనందించొచ్చు, ఏడాది మొక్క మీద ఉంటే ఆ రోజే చెయ్యి పెట్టాలి. కన్నాలు లెక్కపెట్టడం కంటే చెట్టు వయసు, ఆ రోజు తేదీ, ఈ రెండూ చూడటం ముఖ్యం.

సరే, అడవిలో ఎన్నో ఏళ్లుగా ఉన్న పురుగు తోటలోనే ఎందుకు రెచ్చిపోతుంది. అడవిలో గుమ్మడి టేకు చెట్లు చెదురుమదురుగా ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్యలో మద్ది, వేగిస, రేల, వెదురు, ఇంకా బోలెడు. పడుకుని లేచిన పురుగు తన చెట్టుని వెతుక్కుంటూ ఎగరాలి, దారిలో పక్షులు, సాలీళ్లు. వెతుక్కుని గుడ్లు పెట్టినా ఆ కొద్ది పొట్లాలని కందిరీగలు వాసన పట్టేస్తాయి. అదే తోటలో, రెండు మూడు మీటర్లకో చెట్టు, అన్నీ ఒకే వయసు, అన్నీ ఒకేసారి చిగురేస్తాయి, కింద కలుపు తీసేసి నున్నగా ఉంచుతారు, కందిరీగలకి తేనె తాగడానికి ఒక్క పువ్వు కూడా మిగలదు. పురుగుకి బఫే పెట్టి దాని శత్రువుల క్యాంటీన్ మూసేసినట్టు. ఇది గుమ్మడి టేకుకే కాదు, జామాయిల్‌కైనా సరుగుడుకైనా ఒకే చెట్టు వరసలు వరసలుగా వేస్తే వచ్చే ఇబ్బందే. పురుగు గుణం మారలేదు, దానికి దొరికిన కంచం సైజు మారింది.

అయితే చెట్టుని పురుగుకి దూరంగా తీసుకెళ్లిపోతే సరిపోద్దిగా అనే ఆలోచన కూడా మనుషులకి వచ్చింది, అది కూడా మామూలు స్కేల్లో కాదు. డానియల్ లడ్విగ్ అనే అమెరికన్ కోటీశ్వరుడు 1967లో బ్రెజిల్ అమెజాన్‌లో జరీ నది ఒడ్డున లక్షల హెక్టార్ల భూమి కొని, అడవి కొట్టి, పేపర్ పల్ప్ కోసం మన గుమ్మడి టేకునే వేశాడు. పల్ప్ ఫ్యాక్టరీని జపాన్‌లో కట్టించి 1978లో సముద్రం మీద తేలించుకుంటూ తెప్పించాడు, అది ఇప్పటికీ ఇంజనీర్లు చెప్పుకునే కథ. అమెజాన్‌లో ఈ నీలి పెంకు పురుగు లేదు. కానీ నేల చాలా చోట్ల చెట్టుకి పడలేదు, ఆ తర్వాత సెరాటోసిస్టిస్ అనే శిలీంధ్రం పట్టుకుని కాండం మీద పుళ్లు వేసి చెట్లని చంపింది. చివరికి అక్కడ ఈ చెట్టుని వదిలేసి యూకలిప్టస్‌కి మారాల్సొచ్చింది, లడ్విగ్ 1982లో ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకున్నాడు. పాత శత్రువు లేని చోటికి వెళ్తే కొత్త శత్రువు ఎదురొచ్చింది, అదీ ఇంకా మొండిది, ఎందుకంటే పెంకు పురుగు ఆకు తింటే చెట్టు మళ్లీ చిగురేస్తుంది, కాండం కుళ్లితే చిగురేసేదేముంది.

విశాఖ వైపు ఇదంతా ఎందుకు పనికొస్తుంది అంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్లో చెట్లని వేర్లతో సహా లేపేశాక మొక్కలు నాటడం ఇక్కడ ఒక పెద్ద పనే అయ్యింది, త్వరగా పెరిగేది ఏదైతే అదే వెయ్యాలనే తొందర కూడా వచ్చింది. అటు చోడవరం, నర్సీపట్నం, మాడుగుల వైపు రైతులు కూడా జీడిమామిడి గట్ల మీదో, మెట్ట మీదో కలప మొక్కలు వేసే ఆలోచనలో ఉంటారు, టేకుకి పాతికేళ్లు ఆగలేనివాళ్లకి గుమ్మడి టేకు అని ఎవరో ఒకరు చెబుతారు. వెయ్యొచ్చు, తప్పేం లేదు, ఇది మన కొండల చెట్టే. కాకపోతే ఎకరం మొత్తం అదే వెయ్యడం కంటే గట్ల మీద, కానుగ, వేప, నేరేడు లాంటివి మధ్యలో కలిపి వేస్తే పురుగు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి నడిచి వెళ్లే రోడ్డు తెగుతుంది. కింద పూలు పూసే కలుపు మొక్కల్ని పూర్తిగా గీకెయ్యకుండా కాస్త వదిలితే కందిరీగలకి ఆసరా.

నర్సరీలో, మొదటి రెండేళ్ల మొక్కల మీద మాత్రం చేతి పనే బెస్ట్. ఆకు అడుగున గోధుమ రంగు నురగ పొట్లం కనపడితే గిల్లేసి, పారెయ్యకుండా దోమతెర గుడ్డ కట్టిన డబ్బాలో వేసి తోటలోనే వేలాడదీస్తే, అందులోంచి పురుగు పిల్లలు బయటకి రాలేవు, సన్నటి కందిరీగలు మాత్రం తెర కన్నాల్లోంచి ఎగిరిపోతాయి. చెరుకు, వరిలో గుడ్ల పరాన్నజీవుల్ని కాపాడటానికి వాడే చిట్కానే ఇది, తెర కన్నం సైజు సరిగ్గా ఉంటే ఇక్కడా పనికొస్తుంది. పొద్దున్నే మంచు ఆరకముందు మొక్క ఊపితే పెద్ద పురుగులు కింద పడతాయి, ఆ టైమ్‌లో బద్ధకంగా ఉంటాయి కాబట్టి ఏరడం తేలిక, సబ్బు నీళ్ల బకెట్లో వేస్తే చాలు. గుంపుగా గీకుతున్న చిన్న పిల్ల పురుగులున్న ఆకుని ఆకుతో సహా తుంచితే వందని ఒకే దెబ్బకి తీసినట్టు. అప్పటికీ ఆగకపోతే 5 శాతం వేప గింజల కషాయం, అది కూడా పిల్ల పురుగుల దశలో, ఆకు అడుగు తడిసేలా.

పాతిక ముప్పై అడుగుల చెట్టుకి మందు కొట్టించడం అంటే గాలికి డబ్బు చల్లడమే, పైన ఆకుకి తగిలేది కొంత, పక్కింటి బావిలో పడేది కొంత, కందిరీగలు చచ్చేది మాత్రం ఖాయం, వచ్చే తరం పెంకు పురుగుకి దారి క్లియర్ చేసినట్టు. ఇంకో అలవాటు, అక్టోబరులో ఆకుల నిండా కన్నాలు చూసి అప్పుడు కంగారుపడి మందు తేవడం. అప్పటికి తినాల్సిన పురుగు తినేసి బెరడు కిందకి పోయి ఉంటుంది, చెట్టు కూడా ఆ ఆకుని ఇంకో రెండు మూడు నెలల్లో ఎలాగూ రాల్చేస్తుంది. అలాగే ఎండు గడ్డిలో పురుగు దాక్కుంటుంది కదా అని వేసవిలో గట్టుకి నిప్పు పెట్టేవాళ్లు ఉన్నారు, లేత మొక్కల బెరడు కాలేది, కొండకి మంట ఎక్కేది దానివల్లే. దాక్కునే చోటు కావాలంటే అది ఎక్కడైనా వెతుక్కుంటుంది, ఒక గట్టు కాలిస్తే పక్క వెదురు పొద ఉంది.

చూడాలనుకుంటే మటుకు సరైన టైమ్ జూన్ రెండో వారం నుంచి. మొదటి రెండు మూడు గట్టి వానలు పడ్డాక, గుమ్మడి టేకు కొత్త ఆకు అరచేతి సైజు దాటాక, వారానికోసారి పది మొక్కల చొప్పున ఆకు అడుగు తిప్పి చూస్తే చాలు. పది మొక్కల్లో ఒకటి రెండిటి మీదే పొట్లం కనపడితే గిల్లి డబ్బాలో వెయ్యడం, సగానికి పైగా కనపడితే ఆ వారం మనుషుల్ని పెట్టి మొత్తం తోట తిరగడం, ఈ రెండో మాట అనుభవం మీద వేసుకునే లెక్కే గానీ శాసనం కాదు, మొక్క వయసు బట్టి అటూ ఇటూ చేసుకోవాలి. నోట్‌బుక్‌లో తేదీ, వాన పడిన రోజు, పొట్లాల సంఖ్య రాసుకుంటూ పోతే రెండు మూడేళ్లకి ఆ తోటకి సంబంధించిన క్యాలెండర్ దానంతట అదే తయారవుతుంది, పాడేరు ఘాట్ పైన ఉన్న తోటకీ కింద మైదానంలో ఉన్న తోటకీ అది ఒకేలా ఉండదు, పైన చల్లదనానికి ఒక్కో తరం పెరగడానికి ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి.